ప్లాటో ద బెయ్ మీద పొగాచర్ కిలోకు 7 వాట్లా? లెక్క ఎట్ల వేస్తరు, దాంట్ల నుంచి ఏం తేలుతది?

పాలమూరు_పెడల్ | శనివారం రాత్రి 9:12

అన్నలూ అక్కలూ, మా వాట్సాప్ గ్రూపుల ఒకటే లొల్లి. 2024 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుల జులై 14 నాడు ప్లాటో ద బెయ్ గుట్టను స్లొవేనియా రైడర్ పొగాచర్ 40 నిమిషాల లోపే ఎక్కేసిండు. అదే గుట్ట మీద 1998ల ఇటలీ రైడర్ పాంటాని పెట్టిన టైముకు మూడు నిమిషాల పైనే తగ్గించిండు. ఇగ ఒకాయన "ఒంటి బరువు కిలోకు 7 వాట్లు కొట్టిండు, మనిషేనా" అంటడు. ఇంకొకాయన "టీవీల చూసి వాట్లు చెప్తవా, ఆయన సైకిల్‌కున్న పవర్ మీటర్ నీ జేబుల ఉన్నదా" అని గుంజుతడు.

నాకు రెండు డౌట్లు. మీటర్ చూడకుండ పవర్ చెప్పొచ్చా? చెప్పినా, దాన్ని పట్టుకొని డోపింగ్ చేసిండు, చేయలేదు అనొచ్చా? లెక్కలు వచ్చినోళ్లు జర విడమరిచి చెప్పుండ్రి. నేను మన్యంకొండ ఘాట్ తొక్కుత గానీ ఫిజిక్స్ ఇంటర్లనే ఇడిసిపెట్టిన.

మిర్యాలగూడ_మోటర్లు | శనివారం రాత్రి 9:31

ఎందుకు చెప్పరాదు తమ్మీ, మేం రోజు చేసేది అదే గద. రైతు వచ్చి "బోరు మూడొందల ఫీట్లు, రెండించుల నీళ్లు పడ్డయి, ఎన్ని హెచ్‌పీ మోటరు దించాలె" అంటడు. అప్పుడు మీటర్ పెట్టి చూస్తమా? ఎంత లోతుల నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు పైకి రావాలె అని అడుగుతం. బరువు ఇంటూ ఎత్తు, దాన్ని టైముతోని భాగిస్తే అసలు పని వచ్చేస్తది. పైపుల రాపిడికి ఇంత, పంపుల పోయేదానికి ఇంత అని మీద కలుపుతం. గుట్టెక్కే సైకిలాయన గూడ అదే చేస్తుండు, నీళ్లకు బదులు తనను తాను ఎత్తుకుంటుండు.

అన్నట్టు, 66 కిలోల మనిషి కిలోకు 7 అంటే 462 వాట్లు. ఒక హెచ్‌పీ అంటే 746. అంటే ఇంటి సంపు మీద పెట్టే అర హెచ్‌పీ మోటరు కన్నా కొంచెం ఎక్కువ. వినేటందుకు చిన్నగనే ఉన్నది గానీ 40 నిమిషాలు కాళ్లతోని తియ్యాలె అది!

ఫిజిక్స్_సార్_నల్లగొండ | శనివారం రాత్రి 10:05

మోటర్ల మిత్రుడు సరైన చోట మొదలుపెట్టారు. నేను అంకెలు వేస్తాను, ఎవరికైనా అనుమానం ఉంటే తమ అంకెలు పెట్టి చూసుకోవచ్చు.

గుట్ట పొడవు 15.8 కిలోమీటర్లు, సగటు వాలు 7.9 శాతం. అంటే ఎక్కిన ఎత్తు దాదాపు 1,248 మీటర్లు. టైము 39 నిమిషాల 45 సెకన్లు అనుకుందాం, 2,385 సెకన్లు. వేగం సెకనుకు 6.62 మీటర్లు, గంటకు 24 కిలోమీటర్లకు కాస్త తక్కువ. రికార్డుల్లో ఆయన బరువు 66 కిలోలు. సైకిలు, బూట్లు, హెల్మెట్, నీళ్ల సీసా కలిపి ఇంకో 8 వేసుకుంటే మొత్తం 74.

మొదటిది భూమ్యాకర్షణ. 74 ఇంటూ 9.81 ఇంటూ 1,248, దాన్ని 2,385తో భాగిస్తే 380 వాట్లు. ఇందులో వాదనకు చోటు లేదు. ఎత్తు సర్వేలో ఉంది, టైము కెమెరాలో ఉంది.

రెండోది టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు పోయేది. రోలింగ్ గుణకం 0.004 అనుకుంటే 19 వాట్లు. మూడోది గాలి. ఆ ఎత్తులో ఘనమీటరు గాలి బరువు సుమారు ఒక కిలో. గాలికి అడ్డం పడే ఒళ్లు, సైకిలు విస్తీర్ణాన్ని వాటి ఆకారపు గుణకంతో కలిపి 0.35 చదరపు మీటర్లు తీసుకుంటే 51 వాట్లు. ఈ మూడూ కలిపితే 450. చెయిన్‌లో, బేరింగుల్లో రెండున్నర శాతం పోతుందనుకుంటే పెడల్ దగ్గర 461 లేదా 462. దాన్ని 66తో భాగించండి, 7.0 వస్తుంది.

కాబట్టి "ఏడు" అన్నది గాలిలోంచి వచ్చిన మాట కాదు. కానీ నేను ఎన్నిసార్లు "అనుకుందాం" అన్నానో గమనించండి.

వనపర్తి_వాట్స్ | శనివారం రాత్రి 10:40

సార్, ఆ "అనుకుందాం"లనే కొంచెం కదిలిస్త.

మంచి రేసు టైర్లు, నున్నటి రోడ్డు అని రోలింగ్ 0.003 పెట్టిన. హ్యాండిల్ మీదికి వంగి తొక్కిండని విస్తీర్ణం 0.30 చేసిన. చెయిన్‌ల రెండు శాతమే పోయిందన్న. గంతే, మొత్తం 447 అయింది, కిలోకు 6.8 కంటే తక్కువ. ఒక్క వాటు కూడా దొంగలెక్క లేదు, అన్నీ నమ్మదగ్గ అంకెలే.

ఇగ గాలి సంగతి. సెకనుకు 2 మీటర్ల గాలి, అంటే గంటకు 7 కిలోమీటర్లు. మన దగ్గర దాన్ని గాలి అని కూడా అనరు, చెట్టు ఆకు కదుల్తది అంతే. అది వెనక నుంచి వస్తే సార్ చెప్పిన 51 వాట్లు 25 అయితయి. ఎదురొస్తే 86 అయితయి. ఇటు నుంచి అటు 60 వాట్ల తేడా, కిలోకు దాదాపు 0.9! వంపుల రోడ్డు మీద కొంత ముందు నుంచి, కొంత వెనక నుంచి తగుల్తది కాబట్టి అంత మొత్తం తేడా రాదు. కానీ ప్లాటో ద బెయ్ పొడుగునా గాలి ఎటు వీచిందో టీవీ చూసి చెప్పేటోడు ఎవరూ లేరు.

ఇంకోటి, ఆయన ఒంటరిగా ఎక్కలే. మొదట్ల ఆయన పోటీదారు వింగెగార్డ్ జట్టోడు జోర్గెన్‌సన్ లాగిండు, తర్వాత వింగెగార్డే దూకిండు, పొగాచర్ వెనక చక్రం పట్టుకొని పోయిండు. చివరి ఐదున్నర కిలోమీటర్ల దగ్గర్నే ఇడిసిపెట్టి పోయిండు. గంటకు 24తోని పోయేటప్పుడు ముందు మనిషి నీడల ఉంటే గాలి భాగంల నాలుగో వంతు తగ్గినా 12, 13 వాట్లు మిగిలినట్టే.

పాలమూరు_పెడల్ | శనివారం రాత్రి 10:48

బరువు సంగతేంది అన్నా? 66 అని రాసుకున్నరు గానీ రేసు రోజు 64 ఉంటే లెక్క మొత్తం తారుమారు కాదా?

వనపర్తి_వాట్స్ | శనివారం రాత్రి 10:57

కాదు. ఇది చాలామందికి అర్థం కాదు. 64 పెట్టి చూడు, వాట్లు 462 నుంచి 451కి దిగుతయి, కానీ 64తోని భాగిస్తే మళ్ల 7.04. మనిషి తేలికైతే ఎత్తాల్సిందీ తగ్గుతది, భాగించేదీ తగ్గుతది. అందుకే గుట్టల మీద "వాట్లు ఎన్ని" అంటే పొరపాటు వస్తది గానీ "కిలోకు ఎన్ని" అంటే పెద్దగా రాదు. సైకిలు బరువు కిలో అటు ఇటైనా కిలోకు 0.08 తేడానే.

అచ్చంపేట_అన్న | ఆదివారం ఉదయం 6:20

ఇంత పొడుగు లెక్క ఎందుకు, అడ్డదారి ఉన్నది. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతుండో చూడు. ఇటాలియన్‌ల దాన్ని వామ్ అంటరు. ప్లాటో ద బెయ్ మీద 1,248 మీటర్లు 2,385 సెకన్లల్ల అంటే గంటకు 1,884 మీటర్లు. దాన్ని 200కు వాలు శాతం పదింతలు కలిపిన అంకెతోని భాగించు. ఇక్కడ 200 ప్లస్ 79, అంటే 279. జవాబు 6.75. అయిపాయె.

అదే గుట్ట మీద పాంటాని 1998ల తీసుకున్నది సుమారు 43 నిమిషాల 30 సెకన్లు. వామ్ 1,721 వస్తది, కిలోకు 6.2 దగ్గర. ఇంకో గుట్ట ఆల్ప్ ద్యుయెజ్ 13.8 కిలోమీటర్లు, అదే పాంటాని 1997ల 37 నిమిషాల 35 సెకన్లు. అది 6.3 దగ్గర పడ్తది.

ఈ సూత్రం తీసింది ఎవరో ఎరుకేనా? డాక్టర్ మికేలె ఫెరారి. డోపింగ్‌ల పట్టుబడ్డ అమెరికా రైడర్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెనక ఉన్న మనిషి. 2012ల అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ ఆయన మీద జీవితకాలం నిషేధం వేసింది. ఇయ్యాల డోపింగ్ మీద అనుమానపడేటోళ్లందరు ఆయన సూత్రంతోనే అనుమానపడుతుండ్రు!

ఫిజిక్స్_సార్_నల్లగొండ | ఆదివారం ఉదయం 7:15

బాగా చెప్పారు. ఒక్క జాగ్రత్త. ఆ సూత్రంలో గాలి, టైరు, సైకిలు బరువు అన్నీ ఒకే అంకెలో కలిసిపోయాయి. వాలు బాగా ఉన్న గుట్టకు పనికొస్తుంది. నాలుగు శాతం వాలుకు వాడితే నమ్మలేం. నా లెక్క, వనపర్తి మిత్రుడి లెక్క, ఈ సూత్రం మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే పొగాచర్ ఆ రోజు కిలోకు 6.6 నుంచి 7.1 మధ్య ఎక్కడో ఉన్నాడని చెప్పగలను. అంతకంటే సన్నగా గీత గీసేవాళ్లు ఎదురుగాలి లేదని ప్రమాణం చేయాలి.

మిర్యాలగూడ_మోటర్లు | ఆదివారం ఉదయం 7:40

సార్, మరి చదునుగ ఉన్న ట్రాక్ మీద గంటలో 56 కిలోమీటర్లు పోయిండు కదా ఒకాయన, ఆయనది ఎట్ల లెక్కేస్తరు? ఎత్తే లేకపాయె.

వనపర్తి_వాట్స్ | ఆదివారం ఉదయం 8:02

ఫిలిప్పో గన్నా, 56.792 కిలోమీటర్లు, 2022 అక్టోబర్, స్విట్జర్లాండ్‌ల గ్రెంచెన్. అక్కడ పవర్ అంతా గాలికే పోతది, ఎత్తు లేదు. అందుకే వేగం చూసి వాట్లు చెప్పడం కష్టం. ఒళ్లు ఎంత ముడుచుకున్నడో తెల్వకపోతే లెక్క ముందుకు నడువదు. అదే ఇంజనీర్ల ఆట. 2019ల కాంపెనార్ట్స్ మెక్సికోల ఆగ్వాస్కాలియెంటెస్ దాకా పోయింది గూడ ఎత్తు మీద పలుచని గాలి కోసమే. గంటకు 55.089 కొట్టిండు.

గుట్ట మీద ఐతే దాచేందుకు ఏం లేదు. అందుకే ఈ లెక్కలన్నీ గుట్టల మీదనే.

దేవరకొండ_డౌట్ | ఆదివారం ఉదయం 9:30

అందరు లెక్కలు మంచిగనే చెప్పిండ్రు గానీ అసలు ప్రశ్న తప్పించుకుంటుండ్రు.

ఫెస్టినా సైకిల్ జట్టుకు ఒకప్పుడు ట్రైనరుగ ఉన్న ఫ్రెంచ్ ఆయన ఆంత్వాన్ వేయర్ ఏండ్ల నుంచి ఒక కొలబద్ద పెట్టిండు. 70 కిలోల మనిషి, 8 కిలోల సైకిలు అని అందరినీ ఒక్క తీరుకు తెచ్చి, పెద్ద గుట్ట మీద 410 వాట్లు దాటితే అనుమానం, 430 దాటితే అద్భుతం, 450 దాటితే మ్యూటెంట్ అన్నడు. సార్ చెప్పిన 6.6ను 70తోని గుణించినా 462. తక్కువల తక్కువ లెక్క వేసినా ఆఖరి గీత దాటి పోయింది.

ఇంకొకటి. 1999 జిరోల, అంటే ఇటలీ పెద్ద రేసుల, పాంటానిని ఎందుకు ఇంటికి పంపిండ్రు? రక్తంల హెమటోక్రిట్, అంటే ఎర్ర కణాల వాటా, 52 శాతం వచ్చింది, హద్దు 50. 1998 టూర్ శాంపిళ్లు తర్వాత మళ్ల పరీక్ష చేస్తే ఆయన మూత్రంల ఈపీఓ, అంటే ఎర్ర కణాలు పెంచే మందు, ఉన్నదని 2013ల ఫ్రెంచ్ సెనేట్ నివేదిక బయట పెట్టింది. ఆయన అట్ల తొక్కితే 43 నిమిషాల 30 సెకన్లు. ఇప్పుడు ఏం తీసుకోకుండ 39 నిమిషాల 45 సెకన్లా? నేను ఎవరినీ దొంగ అంటలే. ఈ పొంతన ఎట్ల కుదురుతదో చెప్పుండ్రి.

పాలమూరు_ఫిజియో | ఆదివారం ఉదయం 10:20

ఆ కొలబద్ద గురించి ముందు ఒక మాట. 410, 430, 450 అనేవి ఒంటి లోపల నుంచి వచ్చిన హద్దులు కావు, ఆయన తన అనుభవంతో పెట్టిన గీతలు. అసలు హద్దు ఎక్కడో చూడాలంటే ఆక్సిజన్ నుంచి మొదలుపెట్టాలె.

ఒంట్ల ఒక లీటరు ఆక్సిజన్ కాలితే సుమారు 20.9 కిలోజౌళ్లు వస్తయి. నిమిషానికి ఒక లీటరు అంటే 348 వాట్లు. కానీ అంతా పెడల్ దాకా రాదు, ముప్పావుకు పైగా వేడి కింద పోతది. మంచి సైక్లిస్టుకు 23 శాతం వస్తదనుకుంటే లీటరుకు 80 వాట్లు. కిలోకు 6.8 వాట్లు తియ్యాలంటే నిమిషానికి కిలోకు 85 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కాలాలె. అది కూడా గరిష్ఠం కాదు, 40 నిమిషాలు ఆగకుండ. ఎంత గట్టి మనిషైనా తన వీవో2 మాక్స్‌ల, అంటే ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్‌ల, 90 శాతం దగ్గర అంతసేపు ఉండగలిగితే గొప్పే. అంటే మాక్స్ 94 ఉండాలె.

94 ఉంటదా? నార్వే కుర్రోడు ఆస్కార్ స్వెండ్‌సన్‌కు 2012ల 97.5 వచ్చింది. అదే ఏడు జూనియర్ టైమ్ ట్రయల్ ప్రపంచ చాంపియన్ గూడ అయిండు. 2014ల 20 ఏండ్లకే ఆట ఇడిసిపెట్టిండు. కాబట్టి అంకె అసాధ్యం కాదు, అట్లని అంకె ఉన్నంత మాత్రాన టూర్ గెలవరు.

ఇప్పుడు 23 శాతాన్ని 25 చేసి చూడుండ్రి. లీటరుకు 87 వాట్లు. కావాల్సిన మాక్స్ 94 నుంచి 87కు దిగింది. రెండు శాతం పట్టుకొని అటు ఇటు చేస్తే ఒక మనిషి "నమ్మలేం" నుంచి "మస్తు మంచి రైడర్" అయితుండు. ల్యాబుల కొలిచి బయట పెట్టనంత కాలం ఆ రెండు శాతం ఎవరి చేతిల లేదు. ఆ ఎత్తుల ఆక్సిజన్ కొంచెం తక్కువ అందుతదని గూడ మరువద్దు, అది రైడర్‌కు నష్టమే.

వనపర్తి_వాట్స్ | ఆదివారం ఉదయం 11:05

డౌట్ అన్న అడిగిన పొంతన సంగతికి నేను ఇంకో తీరుగ వస్త.

43.5 నుంచి 39.75 అంటే టైము ఎనిమిదిన్నర శాతం తగ్గింది. ఇందుల వస్తువులకు ఎంత ఇవ్వొచ్చు? 1998 నాటి సన్న టైరుకు రోలింగ్ 0.005 అనుకో, ఇప్పటి వెడల్పు టైరుకు 0.003 అనుకో. ఆ వేగం మీద అది 10 వాట్లకు కొంచెం తక్కువ. బట్టలు, హెల్మెట్, కూసునే తీరు కలిపి ఇంకో పది వాట్లు ఇచ్చినా 450ల 20. నాలుగున్నర శాతం. అంటే మూడు నిమిషాల ముప్పావుల రెండు నిమిషాల కన్నా తక్కువే వస్తువుల ఖాతాల పడ్తది. మిగిలినదాన్ని టైరు మీద తొయ్యలేం.

మిగిలిన దాంట్ల ఆ రోజు రేసు నడిచిన తీరు పెద్దది. 2024ల ఎదుటి జట్టోళ్లు పొద్దంత గట్టిగ లాగిండ్రు, గుట్ట మొదట్ల నుంచే పూర్తి వేగం. 1998ల మొదట్ల నుంచే అట్ల లాగకపోతే టైము పెరుగుతది. టైము తక్కువ రావాలంటే కింది నుంచి పైదాకా ఒకే తీరుగ తొక్కాలె, అట్ల తొక్కిచ్చేటోడు ముందు కావాలె. తర్వాత తిండి. ఇప్పుడు గంటకు 100 గ్రాములు, ఇంకా పైన కార్బోహైడ్రేట్లు తాగుతుండ్రు. ఐదు గంటల రేసు ఆఖర్ల కాళ్లల్ల బెల్లం మిగిలి ఉంటది. గుట్ట కింద ఎంత అలసిపోయి వచ్చిండన్నది వాట్ల లెక్కల ఎక్కడా కనబడదు, కానీ టైముల కనబడతది.

దేవరకొండ_డౌట్ | ఆదివారం ఉదయం 11:20

రెండు నిమిషాలు టైర్లకు, బట్టలకు. మిగిలిన రెండు నిమిషాలు "రేసు నడిచిన తీరు" అనే సంచిల. ఆ సంచిల ఏం వేసినా పడ్తది అన్నా.

వనపర్తి_వాట్స్ | ఆదివారం ఉదయం 11:24

పడ్తది. డోపింగ్ గూడ ఆ సంచిలనే పడ్తది, కొత్త తిండి గూడ ఆ సంచిలనే పడ్తది. వాట్లు ఏది ఎంతో చెప్పవు అనే నేననేది.

వేదిక_పెద్ద | ఆదివారం మధ్యాహ్నం 12:10

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక్క నియమం గుర్తు పెట్టుకోండి. పాంటాని, ఆర్మ్‌స్ట్రాంగ్, ఫెరారి విషయంలో రుజువైనవి మాట్లాడుకోవచ్చు. పొగాచర్ ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు. అంకెల మీద ఎంతైనా కొట్లాడండి, మనిషి మీద ముద్ర వేస్తే పోస్టు తీసేస్తాం.

అచ్చంపేట_అన్న | ఆదివారం మధ్యాహ్నం 2:45

మీటర్ బయట పెడితే లొల్లి తీరుతదని అనుకునేటోళ్ల కోసం 2015 సంగతి చెప్పాలె.

అది గూడ టూర్‌ల జులై 14నే. లా పియర్ సాన్ మార్తాన్ గుట్ట. స్కై జట్టు రైడర్ క్రిస్ ఫ్రూమ్ అందరిని ఇడిసిపెట్టి ఎగిరిపోయిండు. ఫ్రాన్స్ టీవీల స్టాడ్ 2 అనే కార్యక్రమంల ఒక నిపుణుడు కిలోకు 7.04 వాట్లు అని లెక్క చెప్పిండు. ఇగ రోడ్డు మీద తిట్లే తిట్లు. వారం తిరగకముందే, రెస్ట్ డే నాడు స్కై జట్టు కోచ్ టిమ్ కెరిసన్ అసలు మీటర్ అంకెలు బయట పెట్టిండు. గుట్ట మీద 41 నిమిషాల 28 సెకన్లు, సగటు 414 వాట్లు, బరువు 67.5 కిలోలు. భాగించుండ్రి, 6.13 వస్తది. కానీ ఆయన చెప్పింది 5.78! ఎందుకంటే ఫ్రూమ్ వాడేది గుండ్రని చెయిన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) కాదు, కోడిగుడ్డు తీరుగ ఉండేది. దాని వల్ల మీటర్ 6 శాతం ఎక్కువ చూపిస్తదని తీసేసిండు.

అప్పుడు ఏమైంది? 7.04 అన్నోళ్లు "ఆ 6 శాతం ఎక్కడిది" అన్నరు. స్కై జట్టోళ్లు "మీ 7.04 ఎక్కడిది" అన్నరు. ఒకే గుట్ట, ఒకే మనిషి, ఒకే రోజు, 5.78కూ 7.04కూ నడుమ కిలోకు ఒకటింబావు వాట్ల తేడా. మళ్ల ఆగస్టుల లండన్‌ల జీఎస్‌కే ల్యాబుకు పోయిండు ఫ్రూమ్. బరువు 69.9, వీవో2 మాక్స్ 84.6, 20 నుంచి 40 నిమిషాలు నిలబెట్టగలిగిన పవర్ 419 వాట్లు, కిలోకు 5.98. గుట్ట మీద కోచ్ చెప్పిన 5.78కు పైనే వచ్చింది, టీవీ చెప్పిన 7.04కు మస్తు దూరం.

నా మట్టుకు టీవీ లెక్కనే తప్పు. కానీ కోచ్ మాటకు గూడ ల్యాబు తోడు కావాల్సి వచ్చింది, ఆ సంగతి గూడ పట్టించుకోవాలె.

మిర్యాలగూడ_మోటర్లు | ఆదివారం మధ్యాహ్నం 3:02

చెయిన్‌రింగ్ ఆకారం మారితే మీటర్ ఎందుకు ఎక్కువ చూపిస్తది? బలం బలమే గద.

ఫిజిక్స్_సార్_నల్లగొండ | ఆదివారం మధ్యాహ్నం 3:40

మంచి ప్రశ్న. పవర్ మీటర్ పవర్‌ను నేరుగా కొలవదు. క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) లోపల సన్నని స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి ఉంటాయి, లోహం వెంట్రుక వాసి వంగితే వాటి నిరోధకత మారుతుంది. దాన్నిబట్టి తిప్పే బలం తెలుస్తుంది. దాన్ని తిరిగే వేగంతో గుణిస్తే పవర్. జర్మనీలో ఉల్రిష్ షోబరర్ 1986లో ఎస్ఆర్ఎమ్ అని మొదలుపెట్టింది ఇదే పద్ధతి.

చాలా మీటర్లు తిరిగే వేగాన్ని ఒక్క చుట్టుకు ఒక్కసారే తీసుకుంటాయి, చుట్టంతా ఒకే వేగం అనుకుంటాయి. గుండ్రని చెయిన్‌రింగ్‌కు అది దాదాపు నిజం. కోడిగుడ్డు ఆకారంలో కాలు గట్టిగా తొక్కే భాగంలో క్రాంక్ నెమ్మదిగా తిరుగుతుంది, బలం తక్కువ ఉన్న భాగంలో వేగంగా తిరుగుతుంది. ఎక్కువ బలాన్ని సగటు వేగంతో గుణించేసరికి లేని పవర్ వచ్చి చేరుతుంది. ఎంత చేరుతుందన్నది రింగు ఆకారాన్ని బట్టి, తొక్కే తీరును బట్టి మారుతుంది. కోచ్ చెప్పిన 6 శాతం మీద గొడవ రావడానికి కారణం అదే.

ఇది కాక చలి నుంచి ఎండలోకి వస్తే లోహం వ్యాకోచిస్తుంది, సున్నా జరుగుతుంది. ఎక్కేముందు కాలిబ్రేట్ చేయకపోతే అదొక తప్పు.

నల్లగొండ_చక్రం | ఆదివారం సాయంత్రం 6:30

మీ అందరి లెక్కలు చదివి, నేను పొద్దున ఈగలపెంట ఘాట్ల ఒక ముక్క తొక్కొచ్చిన. నా సైకిల్‌కు ఎడమ క్రాంక్ మీటర్ ఉన్నది. సార్ పద్ధతిల లెక్క ముందు వేసుకున్న, మీటర్ ఫైల్ తర్వాత తెరిచిన.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసే ఉంటది కదా, పొద్దున గేటు తీయంగనే కారుల సైకిల్ ఎక్కించుకొని పోయినం. నా బరువు 58, సైకిలు, నీళ్లు, పంచర్ సామాను కలిపి 12, మొత్తం 70. కాంటూర్ మ్యాపుల 200 మీటర్ల ఎత్తు ఉన్న 4 కిలోమీటర్ల ముక్క తీసుకున్న. 16 నిమిషాల 40 సెకన్లు, 1,000 సెకన్లు. గాలి లేదు, ఆకు గూడ కదలలే.

ఎత్తుకు 137 వాట్లు. రోడ్డు అతుకులు అతుకులుగ ఉన్నది కాబట్టి రోలింగ్ 0.006 పెట్టిన, 16 వాట్లు. గాలికి 14. చెయిన్‌కు 3 శాతం. మొత్తం 172, కిలోకు 3కు పిసరంత తక్కువ. మీటర్ ఏం చూపించిందో తెలుసా? 181.

మధ్యల రెండు మలుపుల్ల కోతులు రోడ్డు మీదనే కూసున్నయి. బ్రేకు పట్టి, మళ్ల లేచి తొక్కాల్సి వచ్చింది. ఆ పోయిన వేగం మళ్ల తెచ్చుకునే వాట్లు లెక్కల లేవు.

వనపర్తి_వాట్స్ | ఆదివారం సాయంత్రం 6:44

అక్కా, సూపర్! ఐదు శాతం తేడా. ఎడమ క్రాంక్ మీటర్ ఎడమ కాలు కొలిచి రెండింతలు చేస్తది. నీ ఎడమ కాలు కుడి కాలు కన్నా కొంచెం గట్టిదైతే ఆ తేడా అక్కడ్నే పాయె. కుడిది 48, ఎడమది 52 అనుకో, మీటర్ నాలుగు శాతం ఎక్కువ చూపిస్తది.

ఫిజిక్స్_సార్_నల్లగొండ | ఆదివారం సాయంత్రం 7:10

లేదా రోడ్డే. 0.006కు బదులు 0.008 పెట్టండి, ఇంకో ఐదున్నర వాట్లు వస్తాయి. అమ్మా, టైరు వెడల్పు, గాలి ఎంత పెట్టారు? బరువు ఏ కాటా మీద తూచారు?

నల్లగొండ_చక్రం | ఆదివారం సాయంత్రం 7:22

28 మిల్లీమీటర్ల టైరు సార్, 75 పీఎస్‌ఐ. నా బరువు ఇంట్ల బాత్రూం కాటా మీద, అది అప్పుడప్పుడు కిలో అటు ఇటు చూపిస్తది. సైకిల్ తూచలే, అమ్మినాయన చెప్పిందే వేసిన.

దేవరకొండ_డౌట్ | ఆదివారం సాయంత్రం 7:30

చూసిండ్రా, మన అక్క ఎక్కిన గుట్ట మనకు తెలుసు, సైకిల్ తెలుసు, గాలి లేదని తెలుసు, మీటర్ చేతుల ఉన్నది. అయినా ఐదు శాతం. ఏడుకు ఐదు శాతం అంటే 6.65 నుంచి 7.35. నేను నా అనుమానం ఇడిసిపెట్టను గానీ, ఇక మీద "7.0" అని చుక్క తర్వాత అంకె రాసేటోణ్ని మాత్రం నేను గూడ ఒప్పుకోను.

పాలమూరు_పెడల్ | ఆదివారం రాత్రి 8:05

మరి మనం మన్యంకొండ మీద చేద్దాం అక్కా. వచ్చే ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరక ముందు. అక్క మీటర్‌తోని, నేను మీటర్ లేకుండ పక్కనే. సార్ కింద కూసుండి కాగితం మీద లెక్కేస్తరు. తూకం పక్కాగ ఉండాలె గానీ కాటా ఎవరు తెస్తరు?

మిర్యాలగూడ_మోటర్లు | ఆదివారం రాత్రి 8:11

నేను తెస్త. వైండింగ్ రాగి తీగ తూచే ఎలక్ట్రానిక్ కాటా, నూరు కిలోల దాకా పట్టుద్ది, పది గ్రాముల తేడా గూడ చెప్తది. సైకిల్ వేరే, మనిషి వేరే, నిండు సీసాతోని ఒకసారి, ఖాళీ సీసాతోని ఒకసారి తూచుదాం. అక్కా, కుడి కాలికి గూడ ఒక మీటర్ ఎవరి దగ్గరన్న దొరుకుతదేమో అడుగు.